నమ్మకమైన స్థానిక గొంతు

నారియల్ టికరీ గ్రామ పంచాయతీ ఇకమీదట సముద్రానికి భయపడదని ప్రధాన్ మోహన్‌కృష్ణ గారు కమ్యూనిటీ హాల్లో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. హాలు వెనకే ఉన్న సముద్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

ప్రధాన్ గారి ధైర్యానికి ఆధారం ఉంది. స్థానిక ప్రభుత్వాలు ముందస్తు హెచ్చరిక వ్యవస్థను తామే ఏర్పాటు చేసుకునేలా చెయ్యి పట్టుకుని నడిపించే ప్రాజెక్టు ఒకటి, దీవులన్నీ గాలించి ఈ ఊరిని ఎంపిక చేసింది. ఊరు జెట్టీకి దగ్గర, ఫొటోల్లో బాగా పడుతుంది. ఒడ్డు పొడవునా స్తంభాలు పాతారు. ఒక్కో స్తంభానికి ఒక లౌడ్‌స్పీకరు, ఒక సోలార్ ప్లేటు, ఒక ప్రధాన్ గారి ఫొటో. సుమత్రా వైపు సముద్రం అడుగున ఎక్కడో భూమి కదిలితే ఊళ్లోవాళ్లకు తెలియకపోయినా పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుకు తెలుస్తుంది. అక్కడ బటన్ నొక్కితే ఇక్కడ స్తంభాలు మాట్లాడతాయి.

"ఏం మాట్లాడాలి, ఎవరి గొంతుతో మాట్లాడాలి అన్నది పంచాయతీయే తేల్చుకోవాలి" అన్నాడు ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణుడు.

తేల్చుకోవడానికి ఏముంది? ప్రధాన్ గారు ఆ పూటే తమ గొంతు రికార్డు చేయించారు. వేదిక మీది పెద్దలు, వేదిక ఎక్కలేకపోయిన పెద్దలు, ఈ కార్యక్రమానికి ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సహకరించిన పెద్దలు, అందరి పేర్లూ అయ్యాక చివర్న 'సముద్రం వస్తోంది' అని ఉంది.

నిపుణుడు గడియారం చూసుకున్నాడు. "ప్రధాన్ జీ, అప్పటికి వచ్చేసి ఉంటుంది."

"పేర్లు తీసేస్తే వాళ్లు ఫీలవుతారు కదా సార్! సముద్రానికేముంది, అది ఫీలవదు."

నిపుణుడు మాన్యువల్ తీసి చదివాడు. అందులో 'నమ్మకమైన స్థానిక గొంతు' అని ఉంది. ఊరంతా ఎరిగిన గొంతు ఎవరిది అని ఆయన అడగ్గానే హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. వెనకాల మైకు వైరు చుడుతూ బాబ్జీ నిలబడి ఉన్నాడు.

బాబ్జీకి పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో సౌండ్ సర్వీస్ ఉంది. తన గొంతు మీద అతనికి గర్వమే గాని భ్రమలు లేవు. ఎలక్షన్లలో పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం దాని ప్రత్యర్థికి అదే ఆటోలో తిరిగి ప్రచారం చేసేవాడు. మాటలు అవే, పేరు మాత్రం మార్చేవాడు. కొత్త జెట్టీ, కోల్డ్ స్టోరేజీ, ప్రతి డింగీ పడవకూ కొత్త ఇంజను, అన్నీ ఆ గొంతులోనే ఊరికి వచ్చాయి, ఆ గొంతులోనే ఉండిపోయాయి. ఒక చీరల దుకాణానికి 'ఈరోజే ఆఖరు' అని మూడేళ్లు చెప్పాడు. అద్దం ముందు గెడ్డం గీసుకుంటూ, "నీ అంత దగుల్బాజీ దీవుల్లో ఇంకోడు లేడురా" అని తనను తానే మెచ్చుకునేవాడు.

ఈ పని మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. తల్లి ఎరుకమ్మ ఊళ్లో జాలర్లుండే మచ్చీ బస్తీలో, ఒడ్డుకు మొదటి వరసలో ఉంటుంది. పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో తన ఇంటికి రమ్మని ఎంత బతిమాలినా రాదు. తండ్రి దాలయ్య సునామీలో ఆ ఒడ్డు మీంచే పోయాడు. తల్లిని కూడా ఆ నీళ్ల పాలు చెయ్యకూడదన్నదే బాబ్జీకి లోపల ఉన్న ఒకే ఒక్క భయం. పైగా డబ్బు తీసుకుని నిజం చెప్పే అవకాశం జీవితంలో మొదటిసారి వచ్చింది.

'ఇది హెచ్చరిక. పెద్ద అలలు వస్తున్నాయి. అందరూ వెంటనే టికరీ ఎక్కండి' అని రికార్డు చేశాడు. టికరీ అంటే ఊరి వెనక గుట్ట. తెలుగులోనూ హిందీలోనూ చెప్పాడు. అలవాటు కొద్దీ చివర్న, 'త్వరపడండి! ఈ అవకాశం కొద్దిసేపు మాత్రమే!' అని కూడా వచ్చేసింది. నిపుణుడు దాని అర్థం అడిగి తెలుసుకుని, టెక్నికల్‌గా కరెక్టే అని ఉంచేశాడు.

తర్వాత ఇంటింటి సర్వే జరిగింది. ఈ గొంతును గుర్తుపట్టగలరా? నూటికి నూరుమంది గుర్తుపట్టామన్నారు. కొందరు నవ్వుతూ గుర్తుపట్టారు. నవ్వు రాసుకోవడానికి కాలమ్ లేదు. ఫలితాలు చూసి నిపుణుడు, ఏ దేశంలోనూ ఇంత స్కోరు రాలేదని ప్రధాన్ గారి చెయ్యి ఊపి ఢిల్లీ వెళ్లిపోయాడు.

వానలు వెళ్లిన తర్వాత ఒక పొద్దున బాబ్జీ బీపీ మాత్రలు తీసుకుని తల్లి దగ్గరకు వచ్చాడు. ఎరుకమ్మ వాకిట్లో తార్పాలిన్ మీద ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కింటి గవరమ్మ గంప ముందేసుకుని సాయం పడుతోంది. సముద్రం నున్నగా, నూనె పోసినట్టు ఉంది.

స్తంభాలు ఒక్కసారిగా మాట్లాడాయి. ఒడ్డు పొడవునా బాబ్జీ గొంతు మోగింది.

"ఓలమ్మా, మళ్లీ ఎలక్షన్లొచ్చేసినాయేటి?" అంది గవరమ్మ.

నాలుగిళ్ల అవతల నుంచి ఎవరో, ఈసారి చీర ఎంతకని అరిచారు. "బాబ్జీ భయ్యా! సాడీ కిత్నే కా హై ఇస్ బార్?"

బస్తీ అంతా నవ్వింది. బాబ్జీ నవ్వలేదు. జేబులో ఫోన్ మోగుతోంది. ప్రధాన్ గారు. హెచ్చరిక వ్యవస్థ పనితీరు మీద సమీక్ష కోసం ఆయన పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. "బాబ్జీ, అది టెస్టింగ్ కాదు! అసలుదే! సచ్ మే ఆ రహా హై!"

బాబ్జీ వీధిలోకి పరుగెత్తి గొంతు చించుకున్నాడు. "అలలొస్తున్నాయి! అందరూ పైకి ఎక్కండి! నిజం! పక్కా నిజం!"

స్తంభం మీద బాబ్జీ, స్తంభం కింద బాబ్జీ. ఒకే మాట రెండు చోట్ల నుంచి వినేసరికి బస్తీకి అనుమానం మరింత బలపడింది.

"ఎంతిచ్చార్రా ఈసారి? బాగానే ఇచ్చినట్టున్నారు" అని మెచ్చుకుంది గవరమ్మ.

బాబ్జీ తల్లి ముందు కూలబడ్డాడు. "అమ్మా, లే. నీకు దణ్ణం పెడతాను."

"ఒరే, ఆ రోజు భూమి ఊగింది. గిన్నెలు గలగల్లాడినాయి. మీ నాన్న అది చూసి కూడా వల కోసం ఎల్లాడు. ఇయ్యాల సెంబులో నీళ్లు కూడా కదల్లేదు. ఏటొస్తాది?"

"దూరంగా కదిలిందమ్మా! మనకి తెలీదు. నీ మీద ఒట్టు!"

"కొత్త జెట్టీ వచ్చేస్తాదని కూడా నా మీదే ఒట్టేసినావు, మైకులో" అని ఎరుకమ్మ ఇంకో చేపను తిరగేసింది.

బాబ్జీ నోరు తెరిచాడు. చెప్పడానికి ఏ మాటా మిగల్లేదు. ఉన్న మాటలన్నీ ఎక్కడెక్కడో అమ్మేశాడు. ఏడుపు వచ్చింది, భయం వచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. వాటితో పనేమీ కాదని తెలిసి తల్లిని అమాంతం ఎత్తి భుజాన వేసుకుని గుట్ట దారి పట్టాడు. వీపు మీద ఆవిడ గుద్దుతోంది, తిడుతోంది. అతను పళ్లు బిగించి పరుగెడుతున్నాడు.

గవరమ్మ చూసింది. చేతిలో చేప జారిపోయింది.

"ఒసే! బాబ్జీ మాటాడ్డం లేదే!"

బస్తీ మొత్తం తలెత్తింది. పుట్టిన దగ్గర్నుంచీ బాబ్జీని నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు లేరు. "బాబ్జీ చుప్ హో గయా!" అని ఎవరో కేక పెట్టారు. అంతే. పిల్లలు, ముసలివాళ్లు, మేకలు, అందరూ గుట్ట మీదికి పరుగో పరుగు. స్తంభాలు మాత్రం ఈ అవకాశం కొద్దిసేపేనని చెబుతూనే ఉన్నాయి.

వాళ్లు పైకి చేరిన కాసేపటికి సముద్రం వెనక్కి తగ్గింది. తర్వాత మొదటి వరస ఇళ్లలోకి పిలవని చుట్టంలా వచ్చింది. ఎండుచేపల్ని తార్పాలిన్‌తో సహా తీసుకుపోయింది. రెండు డింగీలను కమ్యూనిటీ హాల్లో పెట్టింది. ప్రాణం ఒక్కటీ పోలేదు. ఎరుకమ్మ కిందికి చూసి, కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నానికి పై రోడ్డు మీదుగా ప్రధాన్ గారు విలేకరులను వెంటబెట్టుకుని వచ్చారు.

"ఒకే ఒక్క గొంతు! ఒకే ఒక్క పిలుపు! ఊరు ఊరంతా కదిలింది!" అని బాబ్జీని కెమెరాల ముందుకు తోశారు.

"నేనేం మాట్లాడలేదండీ. మాట్లాడినంతసేపూ ఎవరూ కదల్లేదు" అన్నాడు బాబ్జీ.

"చూశారా వినయం!" అన్నారు ప్రధాన్ గారు. విలేకరులు వినయాన్ని కూడా రాసుకున్నారు. ఢిల్లీ నుంచి నిపుణుడు ఫోన్‌లోనే అభినందించి, ఈ గొంతును మిగతా పంచాయతీలన్నిటికీ ఇస్తామని ప్రకటించాడు.

పొద్దు వాలుతుండగా కింద స్తంభాలు మళ్లీ మాట్లాడాయి. 'ప్రమాదం పూర్తిగా తొలగిపోయింది. ఇక ఎలాంటి భయమూ లేదు. అందరూ నిశ్చింతగా ఇళ్లకు వెళ్లవచ్చు.' అదీ బాబ్జీ గొంతే. మొదటి దానితో పాటు అదే పూట రికార్డు చేసింది.

గుట్ట మీద ఎవరూ కదల్లేదు. గవరమ్మ మూడు రాళ్లు వెతికి పొయ్యి పెట్టింది. మిగతావాళ్లు కొమ్మలు కొట్టి, ప్రధాన్ గారు కెమెరాల ముందు పంచిన తార్పాలిన్లు విప్పి, గుడారాలు వెయ్యడం మొదలుపెట్టారు.

"అదేమిటి బాబ్జీ? నువ్వోసారి చెప్పవయ్యా" అన్నారు ప్రధాన్ గారు.

బాబ్జీ తల్లి దగ్గరకు వెళ్లాడు. "అమ్మా, ప్రమాదం పోయిందట."

"ఎవరు చెప్పినారు?"

బాబ్జీ కింద స్తంభాల వైపు చూశాడు. తన గొంతు 'ఎలాంటి భయమూ లేదు' అని మరోసారి హామీ ఇస్తోంది. అతను చివరిదాకా విన్నాడు.

తర్వాత తల్లి చేతిలోంచి తార్పాలిన్ తాడు అందుకుని, గట్టి చెట్టు చూసి కట్టాడు.