యుద్ధభూమి మీద తడిగుడ్డ

ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్‌కి వెళ్ళి ఒక పన్ను పీకి రావడం, భోంచేయడం, బావమరిదిని చిత్తుగా ఓడించడం. పోయిన ఆదివారం సగంలో ఆగిన ప్రాచీన కాలపు యుద్ధమొకటి భోజనాల బల్ల మీద దుప్పటి కింద అలాగే ఉంది. వేలెడంత సీసపు సైనికులు, గుర్రాలు, చెరో ఏనుగు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ వంటగదిలో కింద కూర్చునే తింటున్నారు.

ఓడినవాడు తన ఏనుగును గెలిచినవాడికి ఇచ్చేయాలి. డాక్టరు ఏనుగు వాళ్ళ నాన్న కొనిపెట్టింది. ఆ అచ్చు ఇప్పుడు ఎక్కడా లేదు, పోతే పోయినట్టే. పైగా బావమరిది లాయరు. "ఆట ఎవరింట్లో ఆగితే వాళ్ళదే పూచీ. బొమ్మ కదిలిందో, ఇంటాయన ఓడినట్టే" అని ముందే షరతు పెట్టాడు.

క్లినిక్‌లో పన్ను మొండికేసింది. డాక్టరు ఇల్లు చేరేసరికి బల్ల అద్దంలా మెరుస్తోంది. బాల్కనీలో తువాలు మీద రెండు సైన్యాలూ కలిసిమెలిసి ఆరుతున్నాయి.

"దుమ్ము కొట్టుకుపోయాయి బాబూ. సబ్బు పెట్టి కడిగేశాను," అంది అత్తగారు, అంటే లాయరు కన్నతల్లి. నిన్ననే వచ్చింది.

డాక్టరు అత్తగారిని ఏమీ అనలేక భార్య మీద పడ్డాడు. "నువ్వేం చేస్తున్నావు?"

"నీళ్ళందించాను. ఇప్పుడు నన్నని ఏం లాభం? మొన్న బల్ల దగ్గర ఫొటో తీసుకున్నాగా, అది చూసి పేర్చేద్దాం."

ఫొటో ఉన్న మాట నిజమే. యుద్ధభూమికి అడ్డంగా నవ్వుతూ ఆవిడే ఉంది. చెవి పక్కన ఒక బల్లెం, జడ కింద ఏనుగు తోక మాత్రం కనిపించాయి.

ముగ్గురూ కిందా మీదా పడి పేర్చసాగారు. అత్తగారు కొడుకు గుర్రాలన్నిటినీ బల్ల చివరికి నెట్టేసింది.

"అవి అక్కడ కాదత్తయ్యా."

"మరెక్కడ?"

అది డాక్టరుకీ గుర్తులేదు. "మనుషుల మధ్య పెడితే తన్నవూ?" అందావిడ.

ఇంతలో బెల్లు మోగింది. సగం మంది ఇంకా తువాలు మీదే ఉన్నారు. డాక్టరు పరుగున వెళ్ళి, బావమరిదిని వరండాలోనే కుర్చీలో కూలదోశాడు.

"నోరు తెరువు."

"ఎందుకు బావా?"

"బుగ్గ వాచినట్టుంది. తెరవరా."

లాయరు తెరిచాడు. డాక్టరు టార్చి వేసి ఒక్కో పన్నూ తట్టి చూశాడు. చెమటలు కారిపోతున్నాయి, ఏదో ఒకటి మాట్లాడాలి.

"పైకి అన్నీ వరసలోనే ఉన్నట్టుంటాయి. ఎక్కడో ఒకటి కదిలి ఉంటుంది. ఎంత దాచినా నా కంట్లో పడకపోదు."

లాయరు మింగలేక కక్కలేక "ఆఁ" అన్నాడు.

లోపల్నుంచి భార్య దగ్గింది. డాక్టరు బావమరిదిని తీసుకెళ్ళి, దేవుడి మీద భారం వేసి దుప్పటి లాగాడు. నాన్న ఏనుగు వంక చూస్తే ఏడుపొచ్చినంత పనైంది. లాయరు మిగతా బల్ల ఎలా తగలడిందో చూడనే లేదు. చివరనున్న తన గుర్రాల దగ్గర ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు డాక్టరు. "అది కాదురా, జరిగిందేంటంటే..."

"నువ్వేం చెప్పకు బావా." చచ్చినా నేరం ఒప్పుకోవద్దని క్లయింట్లకు నూరిపోసే లాయరు కుర్చీలో కూలబడ్డాడు. "ఆవేళ నువ్వు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు గుర్రాల్ని నీ ఏనుగు వెనక్కి జరిపింది నేనే. నువ్వు మళ్ళీ వాటి చోట వాటిని పెట్టేశావు, పల్లెత్తు మాటన్నా అనలేదు. ఇందాక నా పళ్ళు చూస్తూ అన్నావే, అప్పుడే అర్థమైంది. ఇంకా ఏం ముఖం పెట్టుకుని ఆడను?"

తన ఏనుగును తీసి బావ చేతిలో పెట్టాడు. "తడిగా ఉందేంటి... నా చేతులకి చెమటలు పట్టేశాయి."

అత్తగారు ఏదో చెప్పబోయింది. కూతురు ఆవిణ్ణి వంటగదిలోకి లాక్కుపోయింది.

డాక్టరు గొంతు సవరించుకుని, ఆటలో నిజాయితీ గురించి బావమరిదికి నాలుగు మంచి మాటలు చెప్పాడు.