తంగళ్ళపల్లి వంతెన మీద నెపోలియన్

మరమగ్గాలు ఆగిపోవడం సిరిసిల్లకు పట్టిన అదృష్టం!

ఈ మాట చదివి పేపరు విసిరికొట్టకండి. నేను బయటివాణ్ణి కాను. నాకూ ఒక షెడ్డు ఉంది. అందులో మగ్గాలున్నాయి. మేం వాటిని సాంచాలంటాం. అవన్నీ ఆగి ఉన్నాయి. సర్కారు ఆర్డర్లు లేవు, నూలు లేదు. పైనుంచి "త్వరలో" అనే మాట మాత్రం క్రమం తప్పకుండా వస్తోంది. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కనుకనే ధైర్యంగా చెబుతున్నాను, ఇది వరం.

మొదటి లాభం నిశ్శబ్దం. సాంచాలు నడిచినన్నాళ్ళూ మా వీధిలో భార్యాభర్తలు అరుచుకునే మాట్లాడుకున్నారు. అది ప్రేమో తగాదానో పక్కింటివాళ్ళకు అంతుపట్టేది కాదు. ఇప్పుడు గుసగుస కూడా వినబడుతోంది! ఇన్నేళ్ళూ ఆ చప్పుడు చాటున నేను గొణుక్కున్న మాటలన్నీ ఇప్పుడు మా ఆవిడ కల్యాణికి శుభ్రంగా వినబడుతున్నాయి. సంసారంలో ఇంత పారదర్శకత ఇంకెవరు తేగలరు?

రెండో లాభం జాగా. ఎదురెదురు సాంచాల మధ్య కార్మికుడు నిలబడే సందు ఉంటుంది. ఆ సందు మీదుగా ఒక ప్లైవుడ్ షీటు వేసి, అటు కొస ఒక సాంచె మీద, ఇటు కొస ఇంకో సాంచె మీద ఆనిస్తే ఎంత టేబుల్ తయారవుతుందో తెలుసా? యూరప్ పడుతుంది!

పట్టింది. మా షెడ్డులో ఇప్పుడు నెపోలియన్ ఉంటున్నాడు.

తెలియనివారి కోసం చెబుతాను. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ ఫ్రాన్సు చక్రవర్తి యుద్ధాలను టేబుల్ మీద బొటనవేలంత బొమ్మలతో ఆడే ఆట ఒకటుంది. స్కేలుతో కొలిచి సైన్యాన్ని జరపాలి, పాచిక వేసి కాల్చాలి. ఎవరు ఎక్కడున్నారు, ఏం సాధిస్తే గెలిచినట్టు, ఎవరికి సాయం ఎప్పుడొస్తుంది, ఇవన్నీ ముందే కూర్చుని ఆలోచించి పెట్టాలి. దాన్ని సినారియో అంటారు. నేను సినారియోలు తయారుచేస్తాను. అందులోనూ చిన్నవి. ఒక ఊరు, ఒక వంతెన, ఒక గుట్ట, మధ్యాహ్నం భోజనానికల్లా తేలిపోయే యుద్ధం. లక్షల సైన్యాల పెద్ద యుద్ధాలు పెద్ద దేశాలవాళ్ళు ఆడుకుంటారు. మాది చిన్న తరహా పరిశ్రమ.

సైన్యం కోరుట్ల నుంచి వస్తుంది. అక్కడ మునావర్ అని నా దోస్తు ఉన్నాడు. ఒకప్పుడు కోరుట్లలో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలు వచ్చాక చెయ్యి ఖాళీ అయింది. చూశారా, అక్కడా అదృష్టమే! కిరాణా కొట్ల పేర్లు రాస్తూ వృథా అయిన బ్రష్షు ఇప్పుడు ఎం-సీల్‌తో చేసిన సిపాయిల కోట్లకు గుండీలు దిద్దుతోంది. సైన్యాన్ని బిస్కెట్ డబ్బాలో సర్దుకుని బస్సెక్కుతాడు. ఒకసారి జగిత్యాల బస్టాండులో బస్సు మారేటప్పుడు రష్యా అశ్వదళం సీటు మీదే ఉండిపోయింది. ఆనాటి నుంచి మా యుద్ధాల్లో రష్యాకు గుర్రాల్లేవు. సినారియో అన్నాక కారణం చూపించాలి కనుక, బురద అని పెట్టాను.

నేల మాత్రం నాదే. అమ్ముడుపోని పచ్చ చీరలు పరిస్తే పొలాలు. నీలం అంచు చింపి వేస్తే నది. చీర కింద వేస్టు దారం కుక్కితే గుట్ట. ఏ చక్రవర్తి అయినా ఇంత మెత్తని నేల మీద యుద్ధం చేశాడా? నా స్టాకుకు ఇన్నాళ్ళకు ఒక గిరాకీ దొరికింది!

ఊర్ల పేర్ల దగ్గరే ఇబ్బంది వచ్చింది. జర్మనీ పేర్లకు మాకు నోరు తిరగదు. అందుకని నదికి మానేరు అని, వంతెన అవతలి ఊరికి తంగళ్ళపల్లి అని, గుట్టకు కొండగట్టు అని పెట్టుకున్నాం. ఆస్ట్రియా తరఫున ఆడే మునావర్‌కు గుట్ట మీద ఫిరంగులు పెట్టుకొమ్మని నేనే సలహా ఇచ్చాను. ఆయన నా వైపు అదోలా చూశాడు.

"కొండగట్టు మీద తోపులు పెట్టాల్నా భాయ్? ఆడ అంజన్న గుడి ఉంటది. కిందనే పెడ్త."

కిందనే పెట్టాడు. గురి అందక ఆస్ట్రియా సగం గుండ్లు పచ్చ చీరల పాలయ్యాయి.

ఫ్రాన్సు తరఫున ఆడేది మొగిలయ్య. మా షెడ్డులో నేత కార్మికుడు. సాంచాలు ఆగినా రోజూ తంగళ్ళపల్లి నుంచి సైకిల్ మీద వస్తూనే ఉన్నాడు. "తుప్పు పడ్తయ్ సేటు" అంటూ అన్నింటికీ నూనె పెడతాడు, చేత్తో తిప్పి చూస్తాడు. సగం నేసిన బట్ట ఇంకా సాంచె మీదే ఉంది, దాని మీది దుమ్ము దులుపుతాడు. కూర్చోమంటే కూర్చోడు. నెపోలియన్ కుర్చీలో కూర్చుని యుద్ధం నడపాలంటే వీలుకాదట! టేబుల్ చుట్టూ తిరుగుతూ ప్రతి బెటాలియన్నూ చూసుకుంటాడు. ఇన్ని సాంచాలు ఒక్కడే నడిపినవాడికి అలవాటు అది. ఎక్కడ పోగు తెగితే అక్కడ ఆపాలి, ముడెయ్యాలి. ముడి పడగానే చెయ్యి దానంతట అదే స్విచ్ మీదికి పోతుంది. కళ్ళు అప్పటికే పక్క సాంచె మీద ఉంటాయి.

మూడో లాభం ఈ మొగిలయ్యదే. దేశాటన! సాంచాలు నడిచి ఉంటే పాపం జన్మంతా తంగళ్ళపల్లికీ సిరిసిల్లకూ మధ్య సైకిల్ తొక్కేవాడు. ఇప్పుడు పని కోసం, మగ్గాలు ఇంకా నడుస్తున్న భీవండి చూడబోతున్నాడు. వచ్చే శుక్రవారం పాత ఇనుము కొనే మనిషి లారీ తెచ్చి సాంచాలను తీసుకుపోతాడు. ఆ రాత్రి బస్సుకే మొగిలయ్య ప్రయాణం.

అందుకని వెళ్ళేలోపు ఒక్క యుద్ధమైనా ఆయన గెలవాలని నాకు పట్టుదల వచ్చింది. కానీ గెలిస్తేగా!

సినారియో చాలా సులువు. ఫ్రాన్సు సైన్యం వెనక్కి తగ్గుతోంది. ఐదు బెటాలియన్లు వంతెన దాటి ఇవతలికి రావాలి. ఆరోది తంగళ్ళపల్లిలో నిలబడి ఆస్ట్రియాను ఆపాలి. ఆరోది పోతుంది. అది లెక్కలోనే ఉంది. మిగతావి దాటితే ఫ్రాన్సు గెలిచినట్టే. పాచిక మీద ఆరు పడితే సాయం కూడా వస్తుంది.

"గీ సాయం ఎవలు పంపుతరు సేటు?" అని మొదటిరోజే అడిగాడు మొగిలయ్య.

"పారిస్ నుంచి రావాలె."

"గంత దూరం నుంచా? గట్లయితె రాదు తియ్యి."

నిజంగానే ఎప్పుడూ రాలేదు. అయినా గెలవచ్చు. మొగిలయ్య ఐదింటినీ చక్కగా వంతెన దాటిస్తాడు. దాటించాక వెనక్కి తిరిగి చూస్తాడు. ఆరోదాన్ని తీసుకురావడానికి ఐదింటినీ మళ్ళీ వెనక్కి పంపుతాడు. అన్నీ పోతాయి. ప్రతిసారీ ఇదే!

పోయిన ఆదివారం ఇక ఉండబట్టలేక అన్నాను.

"మొగిలన్నా, గా ఒక్కదాన్ని ఇడిచిపెట్టు. నువ్వు గెలిచినవ్."

"మా ఊర్ల ఇడిచిపెట్టి ఎట్ల అస్త సేటు?"

"అది పోతదని ముందుగాల్నే రాసి పెట్టిన. సినారియో అంటె గదే."

"నువ్వు రాసినవ్, సరే." మొగిలయ్య ఆ ఆరో బెటాలియన్ వైపు చూపించాడు. "ఆళ్ళకు చెప్పినవా?"

ఇన్ని సినారియోలు తయారుచేశాను, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. రూల్స్‌లో కూడా లేదు. అంతలో టీ తెచ్చిన కల్యాణి టేబుల్ వైపు ఒకసారి చూసింది. "గా బొమ్మలకున్న పని గూడ మనకు లేకపాయె" అని గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది. ఈ నిశ్శబ్దంలో అది కూడా స్పష్టంగా వినబడింది.

మొగిలయ్య ఐదింటినీ వెనక్కి తిప్పాడు. పాచిక వేశాడు. ఆరు పడింది!

పారిస్ నుంచి సాయం వచ్చింది. మునావర్ నోరు తెరిచాడు. సాయంగా వచ్చిన రెండు బెటాలియన్లు దారి చేసుకుంటూ తంగళ్ళపల్లిలోకి దూరాయి. ఆరోది కదిలింది. మొగిలయ్య దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా వంతెన దాటించాడు. మిగతావాటితో కలిపాడు. తెగిన పోగు కలిసింది.

కలవగానే ఆయన చెయ్యి దానంతట అదే కిందికి పోయి సాంచె స్విచ్ నొక్కింది.

ఏం చెప్పమంటారు! ప్లైవుడ్ ఎగిరెగిరి పడింది. ఫ్రాన్సు పడింది, ఆస్ట్రియా పడింది, కొండగట్టు మానేరులోకి జారింది. మునావర్ "అరె, నా ఫౌజ్!" అని కేకవేసి, కింద పడ్డవాటి కోసం వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఇన్ని నెలల తరువాత ఆ చప్పుడు. స్విచ్ ఆపాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ లోపలే వీధి వీధంతా మా షెడ్డు ముందుకొచ్చింది. అందరికంటే ముందు ఎల్లవ్వ. మా సాంచాలకు నూలు కండెలు చుట్టే మనిషి. సగం దువ్విన జుట్టు, చేతిలో దువ్వెన.

"ఆర్డరచ్చిందా సేటు? కండెలు చుట్టాల్నా?"

నేను నేల మీద నెపోలియన్‌ను వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. మొగిలయ్య స్విచ్ ఆపాడు.

"లేదవ్వా. అలవాటుకొద్ది చెయ్యి పోయింది."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ వెళ్ళలేదు కూడా. ఎల్లవ్వ గడపలోనే కూర్చుంది. "అయితె అయింది గని, జరసేపు నడవనియ్యి కొడుకా" అంది.

మొగిలయ్య మళ్ళీ స్విచ్ వేశాడు. సగంలో ఆగిన బట్ట జానెడు ముందుకు సాగింది.

పాఠకులారా, సాంచె చప్పుడు ఎంత ప్రమాదకరమో గమనించారా? నెలల తరబడి కూర్చిన యూరప్ నిమిషంలో నేలపాలైంది. నేను సహనం గలవాణ్ణి కనుక సరిపోయింది. ఇలాంటి నష్టం రోజుకు రెండు షిఫ్టులు జరిగినా ఓర్చుకుంటాను.

దాటినవి లెక్కపెట్టేలోపే అన్నీ పడిపోయాయి, యుద్ధం తేలలేదు కాబట్టి టేబుల్ తీయడం కుదరదని ఇనుము మనిషికి ఫోన్ చేశాను. శుక్రవారం లారీ తేవద్దన్నాను. మరి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. త్వరలో అన్నాను.

ఇక పైన కూర్చుని మా సినారియో రాస్తున్న పెద్దలకు, సాటి సినారియో రచయితగా ఒక్క మాట. ఆరో బెటాలియన్ పోతుందని రాసేశారా? లెక్కలోనే ఉందా? మంచిది. ఎల్లవ్వ ఇంకా మా గడపలోనే కూర్చుని ఉంది. ఆ సంగతి మీరే వచ్చి ఆమెకు చెప్పండి.