స్థలం నీది, ఇల్లు నాది

ఆ శనివారం టోర్బెన్ పెట్టుకున్న పనులు మూడే. పొద్దున్నే కొత్త ఇంటి వసారా తుడవాలి, కూజాలో మందార పూలు పెట్టాలి, ఒంటిగంటకు ఎయిర్‌పోర్టుకు వెళ్ళి భార్య బిర్గిట్‌ను తీసుకురావాలి. డెన్మార్క్‌లో ముప్పై నాలుగేళ్ళు రోజూ వేల ఉత్తరాలు వీధుల వారీగా వేరుచేసి రిటైరైన మనిషికి మూడు పనులు ఒక లెక్కా?

బార్బడోస్ దీవిలో స్పైట్స్‌టౌన్ సముద్రపు ఒడ్డున ఆయన ఆ స్థలం కొని నెలయింది. పసుపు రంగు చెక్క ఇల్లు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, ముందు చిన్న వసారా. ఫోటోలు పంపితే బిర్గిట్ బాగుందనీ అనలేదు, లేదనీ అనలేదు. "కళ్ళారా చూసి నచ్చితేనే ఉంటాను. లేదంటే ఇక్కడి ఫ్లాట్ అమ్మే మాట ఎత్తకు" అని తేల్చేసింది. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పిన పంతులమ్మ, ఆవిడ మాటకు తిరుగులేదు. టోర్బెన్‌కు ఈ ఊరంటే ప్రాణం. ఏడాదిలో ఎనిమిది నెలలు కోటు గుండీలు పెట్టుకోవడంతోనే సరిపోయిన బతుకు, ఇక్కడికొచ్చాక బనీనుతో కాఫీ తాగుతోంది. ఆవిడ వద్దంటే తాను ఏమైపోతాడో తలుచుకోవడానికే భయమేసేది.

తానుంటున్న అద్దె గది నుంచి పూలు పట్టుకుని వచ్చి వీధి మలుపు తిరిగేసరికి ఇంటికి కప్పు లేదు.

రేకులు లారీ ఎక్కేశాయి. రెండు గోడలు గడ్డిలో పడుకుని ఉన్నాయి. మిగతావాటి మేకులు నలుగురు పనివాళ్ళు పీకుతున్నారు. స్థలం అమ్మిన ఎర్మైన్ గారు, డెబ్బై తొమ్మిదేళ్ళావిడ, చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని నీడలో కుర్చీ వేసుకుని పనులు పురమాయిస్తోంది.

"ఎర్మైన్ గారూ, నా ఇంటిని ఏం చేస్తున్నారు?"

"నీ ఇల్లేంటి నాయనా? ఇది మా అమ్మ కట్టించిన ఇల్లు. నీకమ్మింది స్థలం."

"ఇల్లు స్థలం మీదే ఉంది కదండీ."

"ఉంది. ఇక మా అమ్మాయి స్థలం మీద ఉంటుంది. మీ దేశంలో మకాం మారితే ఇల్లు అక్కడే వదిలేసి పోతారా ఏంటి?"

"పోతామండీ" అన్నాడు టోర్బెన్ నీరసంగా.

"అయ్యో పాపం" అంది ఆవిడ. మేకులు పీకుతున్న డార్న్‌లీ మేస్త్రీ కూడా జాలిపడ్డాడు.

పరాయి స్థలాల్లో అద్దెకు బతికిన కాలం నుంచీ అక్కడి చెక్క ఇళ్ళను రాతి దిమ్మల మీద ఊరికే ఆనిస్తారు. పోవాలంటే విప్పుతారు, లారీ ఎక్కిస్తారు, మరోచోట నిలబెడతారు. ఇది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టే టోర్బెన్‌కు ఎవరూ చెప్పలేదు.

తాను మోసపోలేదని, తనకే బుర్ర లేదని అర్థమయ్యాక ఆయన పరువు కోసం ఒక అబద్ధమాడాడు. "మా ఆవిడ మీ అమ్మగారి ఇల్లు చూడాలని గంపెడాశతో వస్తోందండీ. ఈ ఒక్కరోజు ఉంచండి. రేపు పట్టుకుపోదురు గాని."

ఎర్మైన్ గారి మనసు కరిగిపోయింది. "విన్నావురా డార్న్‌లీ? మా అమ్మ ఇల్లు చూడ్డానికి సముద్రాలు దాటి వస్తోందిట. మళ్ళీ నిలబెట్టండి."

"విప్పడానికి నలుగురం చాలు పెద్దమ్మా. నిలబెట్టాలంటే వీధి వీధంతా కావాలి."

"అయితే పిలుచుకురా."

డార్న్‌లీ మనుషులతో సహా వీధి మీద పడ్డాడు. అప్పటికి అన్ని గోడలూ పలకలు పలకలుగా గడ్డిలో పరిచి ఉన్నాయి. వాటి నిండా తెల్లటి గీతలు, సున్నాలు. ఎర్మైన్ గారు చూస్తే చిన్న కునుకు తీస్తోంది. బిర్గిట్‌కు మురికి అంటే గిట్టదు. టోర్బెన్ బకెట్, గుడ్డ తెచ్చి ముప్పావుగంటలో ఒక్కో పలకనూ అద్దంలా తుడిచిపెట్టాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి ఆయన మనసు కుదుటపడింది.

అంతలో సుత్తులు పట్టుకుని జనం రానే వచ్చారు. ముందొచ్చిన పెద్దాయన అడిగిన మొదటి మాట, "చేప గారెలు ఎప్పుడొస్తాయి?" ఇల్లు నిలబెట్టే చోట తిండి స్థలం గలవాడిదే. టోర్బెన్ మూలమీది కొట్టుకు పరిగెత్తి పదిహేను మందికి చెప్పి వచ్చేసరికి పాతికమంది ఉన్నారు. పాతికమందికి చెప్పి వస్తే, గారెలు వేగుతున్న వాసనకు నలభైమంది అయ్యారు.

డార్న్‌లీ పలకల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "సుద్దతో గుర్తులు పెట్టానే, ఏవీ?"

"మురికనుకుని తుడిచేశాను" అన్నాడు టోర్బెన్.

నలభైమందీ నమలడం ఆపారు.

ఆ తర్వాత తలా ఒక మాట. ఇది వంటింటిదని ఒకరు, కాదు ముందుగదిదని ఒకరు. ఒంటిగంట దాటింది, రెండైంది. నిలబెట్టిన మూడు పలకల్లో ఒకటి తలకిందులుగా ఉంది, గుమ్మం నేలకు నాలుగడుగుల ఎత్తున తేలింది. ఎర్మైన్ గారు కుర్చీలోంచి లేచి వచ్చి, ఏ పలకో తెలియని పలక మీద చెయ్యేసి, "ఇక అమ్మ ఇల్లు లేనట్టేనా నాయనా?" అంది. టోర్బెన్‌కు ఏడుపొచ్చింది. లేని ఇల్లు పోయినందుకు పొద్దున్న పడ్డ బాధ ఈ బాధ ముందు ఏపాటిది?

సరిగ్గా అప్పుడు పాటలు మోగించుకుంటూ ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఒక చేత చిరునామా కాగితం, ఒక చేత సూట్‌కేసుతో బిర్గిట్ దిగింది. ఎయిర్‌పోర్టు సంగతి టోర్బెన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గోడను భుజంతో ఆనించి పట్టుకుని ఉన్నాడేమో, కదలడానికి కూడా లేదు.

"ఇదేనా ఇల్లు?" అంది బిర్గిట్.

"మనది కాదు. మనం కొన్నది ఖాళీ స్థలమే. నాకు ఇవాళే తెలిసింది. ఇల్లు ఈ అమ్మగారిది. పలకల మీది గుర్తులు చెరిపింది నేనే. నిన్ను తీసుకురావడం కూడా మరిచిపోయాను" అని ఒక్క గుక్కలో కక్కేశాడు.

బిర్గిట్ సూట్‌కేసు పక్కన పెట్టి, వంగి, ఒక పలక అంచును వేలితో తడిమింది. "పాత మేకుల రంధ్రాలు చూశారా ఎవరైనా? ఇది దానికి జత. ఎండకు వెలిసిన ఈ పక్క పడమర. ఆ గుమ్మం దించండి ముందు."

గంటన్నరలో పలకలన్నీ గడ్డిలో వరసగా కూర్చున్నాయి. బిర్గిట్ ఉలి అడిగి తీసుకుని ప్రతిదాని వెనకా అంకె చెక్కింది. "ఇక చెరగవు. అయినా మా ఆయన చేతికి గుడ్డ ఇవ్వకండి" అంది. ఎర్మైన్ గారు ఆవిడను కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఇక అక్కడ నిలబెట్టే పని లేక జనం లారీ నింపుతుంటే టోర్బెన్ మెల్లిగా భార్య దగ్గరకు చేరాడు. "ఇక్కడ ఉండనంటే ఒప్పుకుంటాను బిర్గిట్. చూపించడానికి నా దగ్గర ఇల్లే లేదు."

"దేవుడు మేలు చేశాడు" అంది ఆవిడ గొంతు తగ్గించి. "ఆ ఫోటోలు చూసిన దగ్గర్నుంచీ, ఇంకొకరు కట్టుకున్న ఇంట్లో ఎలా సర్దుకోవాలా అని ఏడుస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల చేత పిట్టగూళ్ళు చేయించాను. ఒక్క ఇల్లయినా నా చేత్తో కట్టుకోవద్దూ? ఖాళీ స్థలమని చెబితే నెల కిందే వచ్చేదాన్ని. ఫ్లాట్ అమ్మెయ్."

టోర్బెన్ సంతోషం పట్టలేక ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు గానీ డార్న్‌లీ అడ్డొచ్చాడు.

"అమ్మా, పెద్దమ్మ కూతురి స్థలంలో నిలబెట్టేటప్పుడు మీరుండాలి. మీరు లేకపోతే మాకు కుదరదు."

ఎర్మైన్ గారు బిర్గిట్‌ను లారీలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. వెనకే వీధి వీధంతా నడిచింది.

ఆ సాయంత్రానికల్లా బిర్గిట్‌కు ఆ ఊళ్ళో ఒక పని, ఒక పెద్దమ్మ, లారీలో ముందు సీటు దొరికాయి. నెలరోజులుగా స్థిరపడుతూ ఉన్న టోర్బెన్‌కు నలభైమంది తిన్న అంట్లు దొరికాయి.