పొయ్యిలు ఆర్పించిన స్పీకరు

శుక్రవారం పొద్దున సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టిఫిను కానిచ్చి, ఇంట్లో ఉన్న పెద్ద స్పీకరునూ, "నచ్చకపోతే సాయంత్రంలోగా తిరిగి ఇచ్చెయ్యండి" అని అమలాపురం కొట్టువాడు అంటగట్టిన చిన్న స్పీకరునూ కొలవాలి. తను ఏరికోరి కొన్న పెద్దదే గొప్పదని, మరదలి ఫోను వచ్చేలోగా రుజువు చెయ్యాలి. జీవితమంతా బళ్ళో సైన్సు చెప్పిన మనిషికి అదేమంత పని?

ఆయన భార్య భూలక్ష్మికి మాత్రం ఆ ఫోనంటేనే భయంగా ఉంది. ఆవిడ చెల్లెలు సత్యదుర్గ కువైట్లో ఒకరింట్లో వంట చేస్తుంది. తీరిగ్గా ఫోను చేసుకునే వీలు శుక్రవారమే. మాస్టారు ముచ్చటపడి ఆ ఫోనును పెద్ద స్పీకరుకు కలిపినప్పటి నుంచీ భూలక్ష్మికి దుబదుబలే తప్ప మాటలు అందడం లేదు. చెవులు పోతున్నాయని పైకి చెప్పుకోలేక, చెల్లెలు ఏమన్నా "ఆయ్, అలాగేనే" అంటూ నెట్టుకొస్తోంది. పోయిన వారం సత్యదుర్గ ఏదో చాలాసేపు చెప్పి, ఏదో అడిగి, ఆగింది. భూలక్ష్మి "ఆయ్, కానియ్యవే" అంది. అటునుంచి వెక్కిళ్ళు మాత్రం తెలిశాయి.

అప్పటి నుంచీ ఒకటే దిగులు. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండిపోతానందేమో! తన నోటితో తనే సరేననేసిందేమో! కువైటుకని బస్సెక్కేవాళ్ళ వీపులు చూసి చూసి అలిసిన ప్రాణం ఆవిడది. వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ నెమ్మదిగానే అడుగుతారు, సరిగ్గా విననిది మనమే అనుకుంది.

"రెండూ పెట్టి వింటే తెలిసిపోదాండీ?" అని అడిగింది.

"వినడం కాదు భూలక్ష్మీ, కొలవాలి. ఏది గట్టిగా మోగితే అదే మంచిదంటాయి మన వెర్రిచెవులు. అందుకని రెండిటి మోతా సమానం చేసి, ఒకే చోట పెట్టి, నువ్వు కూచునే కుర్చీలో నీ చెవి ఎత్తున మైకు పెడతాను. ఏ స్పీకరు ఏ స్వరాన్ని మింగేస్తోందో ఫోనులో గీత పడుతుంది."

"మనిషి చెవుల్ని కూడా పట్టిస్తుందాండీ అది?"

"ఎందుకు పట్టించదూ? స్పీకరు తిన్నగా ఉండి కూడా మాట వినబడలేదంటే, లోపం చెవిదేగా!"

భూలక్ష్మి మంచినీళ్ళు తాగి కుర్చీ వెనకాల నిలబడింది. మాస్టారు బయటి చప్పుళ్ళు రాకుండా కిటికీలు మూశారు. లోపలి చప్పుడు బయటికి పోతుందని ఆలోచించలేదు. లావు స్వరాలూ సన్న స్వరాలూ అన్నీ కలిపిన పరీక్ష హోరు పెట్టారు. స్టేషను దొరకని రేడియోలా 'హుస్స్‌స్' మని ఇల్లు ఊగిపోయింది.

ముమ్మిడివరం అవతల, కొబ్బరితోటల కింద గ్యాసు గొట్టాలు పరిచిన ఆ ఊళ్ళో, ఆ చప్పుడుకు ఒకటే అర్థం.

పక్కింటి అనిత స్టవ్వు కట్టేసి, పిల్లను చంకనేసుకుని, "గొట్టం లీకయిందండోయ్!" అంటూ వీధిలో పడింది. అంజిబాబు ఆటో స్టార్టు చేస్తే నిప్పురవ్వ లేస్తుందని భయపడి, దాన్ని తోసుకుంటూనే "పొయ్యిలార్పెయ్యండి! బీడీలు పారెయ్యండి!" అని ఊరంతా చాటాడు. గృహప్రవేశం జరుగుతున్న శ్రీరామచంద్రమూర్తిగారింట్లో వంటమనిషికి నీళ్ళు అందలేదు. చారు గుండిగ ఎత్తి పొయ్యిలో కుమ్మరించాడు. ఎవరో ఫోను చేసి ఊరి కరెంటు తీయించారు.

పెద్ద స్పీకరు ఠక్కున ఆగిపోయింది.

"ఆగిందండోయ్, లీకు ఆగింది!" అని జనం ఊపిరి పీల్చుకున్నారు. మూర్తిగారు వంటమనిషి కేసి తిరిగి "మరి చారేదయ్యా?" అంటూ ఉండగానే, ఇంట్లో మాస్టారు "కరెంటు పోవడం మామూలేలే. దీని గీత ఫోనులో పడనే పడింది" అని, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు అదే చోట పెట్టి మళ్ళీ హోరు మొదలెట్టారు.

ఈసారి ఆర్పడానికి పొయ్యి లేక, వంటమనిషి తనే కాలవలోకి దూకాడు.

కాసేపటికి గ్యాసువాళ్ళ మనిషి రాజ్ కుమార్ చేతిలో మీటరుతో, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి తలుపు తట్టాడు. జనం కొబ్బరిచెట్ల చాటునుంచి చూస్తున్నారు.

"ఇక్కడ గ్యాసేం లేదండి. నా మీటరు సున్నా చూపిస్తోందండి" అన్నాడు.

"నాది బాగానే చూపిస్తోందే!" అన్నారు మాస్టారు.

క్షణంలో ముందుగది నిండిపోయింది.

"పాటలు పెట్టుకోవచ్చు కదా మాస్టారండీ! పాములాగ ఈ బుసేంటండీ?" అన్నాడు అంజిబాబు చెమట తుడుచుకుంటూ.

"నా చారుకి జవాబు చెప్పండి ముందు" అన్నారు మూర్తిగారు.

మాస్టారు ఫోను తిప్పి గీతలు చూపించారు. చిన్న స్పీకరుది కాలవగట్టులా తిన్నగా ఉంది. పెద్దదానిది ఒకచోట గుట్టలా లేచి, ఆ వెంటనే దిగబడింది.

"ఈ గొయ్యేంటండీ?" అన్నాడు రాజ్ కుమార్.

మాస్టారి గొంతు తగ్గింది. "అదా... మనిషి మాటలుండే చోటండి."

"అయితే నా చెవులు బాగానే ఉన్నట్టాండీ?" అంది భూలక్ష్మి.

"నీ చెవులకేమొచ్చింది?"

"నెలరోజులబట్టీ మా చెల్లి మాట ఒక్కటి వినబడితే ఒట్టండి!" అంటూనే ఏడ్చేసింది. అనిత ఆవిడ భుజం పట్టుకుని "ఊరుకోండి పిన్నిగారూ, తప్పు ఆ డబ్బాదేనంట కదా" అంది.

అప్పుడే మాస్టారి చేతిలో ఫోను మోగింది. చిన్న స్పీకరులోంచి సత్యదుర్గ గొంతు, పక్కన కూచుని మాట్లాడినట్టు, వీధి వీధంతటికీ వినబడింది.

"అక్కా, టిక్కెట్టు తీసేసుకున్నానే! ఈ పని మానేసి వచ్చేసి, మీ ముందుగదిలో టిఫిన్ల కొట్టు పెట్టుకోనా అనడిగితే, బావగారిని ఒక్కమాటైనా అడక్కుండా కానియ్యమన్నావు చూడూ... ఏడుపాగలేదే నాకు! గది ఖాళీ చేయించేశావా?"

భూలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు.

"ఆయ్! ఇవాళే చేయిస్తానే. నువ్వు రా ముందు!"

"ఇడ్లీలోకి చారు కూడా పోస్తుందేమో కనుక్కోండమ్మా" అన్నారు మూర్తిగారు. గదంతా నవ్వింది. అంజిబాబు అప్పుడే బల్ల ఒక కొస పట్టుకుని, ఎక్కడికి మార్చాలండీ అని అడుగుతున్నాడు.

మాస్టారు ఖాళీ అవుతున్న తన ముందుగది కేసీ, చిన్న స్పీకరు కేసీ చూశారు. కొలతలకు దొరకని లోపం దానికి ఒకటుంది. అన్నదంతా అందరికీ వినబడుతుంది.