రెండేళ్ల బాండు

దేశాన్ని వ్యాపారస్తుడి చేతిలో పెడితే రెండేళ్లలో బాగుపడుతుందని సుధాకరరావు నమ్మకం. ఆ వ్యాపారస్తుడు తానే అయితే ఏడాదిన్నర చాలు. కంప్యూటర్ల వైటూకే గండం పుణ్యమా అని సింగపూర్‌లో పద్దెనిమిది మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు మరి!

ఆ శనివారం టాంపినీస్ ఫ్లాటులో, స్నేహితుడు విశ్వనాథంతో పెసరట్టు తింటూ అదే ప్రసంగం ఎత్తుకున్నాడు.

"దేశమంటే ఏమిటోయ్? పెద్ద కంపెనీ. నష్టమొచ్చే డిపార్ట్‌మెంటు మూసెయ్యాలి, పని చెయ్యనివాణ్ణి పంపెయ్యాలి. అంతే!"

"దేశంలోనే పుట్టినవాణ్ణి ఎక్కడికి పంపుతారండీ?" అంది భార్య లీలావతి, రెండో అట్టు వడ్డిస్తూ.

"నీకు తెలీదులే."

లీలావతికి ఒళ్లు మండింది. క్లెమెంటిలో ట్యూషన్ సెంటరువాళ్లు లెక్కల టీచరుగా రమ్మని రెండు నెలలుగా పిలుస్తున్నారు. నువ్వెళ్తే ఇల్లెవరు నడుపుతారని ఈయనే అడ్డం పడ్డాడు. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

"అయితే ముందు ఈ ఫ్లాటు నడిపి చూపించండి. దేశం సంగతి తర్వాత."

విశ్వనాథం ఎదుట అనేసరికి సుధాకరరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపట్నించే!"

"మధ్యలో పారిపోతే?"

"నేనా?"

"మీ ఆఫీసు కుర్రాళ్ల చేత బాండు రాయిస్తారుగా. మీరూ రాయండి."

ఇండియా నుంచి రప్పించిన కుర్రాళ్లు పై నెలకే పక్క కంపెనీలోకి దూకకుండా ఆయన స్వహస్తాలతో తయారుచేసిన బాండు అది. రెండేళ్లు కదలకూడదు. కదలాలంటే తనంత పనిమంతుణ్ణి వెతికి తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాలి. సుధాకరరావు దర్జాగా అందులో తన పేరు వేసి, ప్రింటు తీసి, సంతకం గీకాడు. విశ్వనాథం సాక్షి సంతకం చేసి మూడో అట్టు అడిగాడు.

ఆదివారం ఆరున్నరకే హాల్లో మీటింగు.

"పప్పా, సండే లా!" అని సింగపూర్ యాసలో మూలిగింది పదేళ్ల కూతురు మహతి.

సుధాకరరావు సంస్కరణలు చదివాడు. వంట రద్దు, భోజనాలు కింద హాకర్ సెంటరు తిండి దుకాణాలకి కాంట్రాక్టు. నాలుగింటి కాఫీ వల్ల ఇంటికి ఒరిగేదేమీ లేదు కనక ఆ డిపార్ట్‌మెంటు మూసివేత.

బయట మంచినీళ్లయినా ముట్టని ఆయన తల్లి తారాదేవి నిర్ఘాంతపోయింది. మూడు రోజులు అరటిపళ్లతో గడిపి, బుధవారం పొద్దున్న అడిగింది. "ఒరే, కాస్త పప్పన్నం, నాలుగింటికి కాఫీ... అంతేగా నేనడిగేది?"

టై కట్టుకుంటున్న సుధాకరరావు నోట, ఆఫీసులో రోజూ అనే మాట అలవాటుగా జారిపోయింది. "ఇష్టం లేనివాళ్లు వేరే చోటు చూసుకోవచ్చు!"

సాయంత్రం ఆఫీసుకి మహతి ఫోను. "పప్పా, నాయనమ్మ సూట్‌కేసుతో కింద కూర్చుంది లా! చాలాసేపైంది."

సుధాకరరావు టాక్సీలో పరుగెత్తుకొచ్చాడు. బ్లాకు కింద రాతిబల్ల మీద తారాదేవి. చుట్టూ బ్లాకులోని ఆంటీలందరూ. ఒక చైనా ముసలమ్మ ఆవిడకి విసురుతోంది కూడా.

"మా వాడు నన్ను పన్లోంచి తీసేశాడమ్మా," అని చెబుతోంది తారాదేవి.

"అమ్మా, పరువు తీయకు. పైకి పద!"

"ఉద్యోగమైతే మానెయ్యచ్చురా. అమ్మగా మానెయ్యాలంటే కాగితం ఎవరికివ్వాలి? ఆ కాఫీ డిపార్ట్‌మెంటు తెరువు, వస్తాను."

సుధాకరరావు సరేనన్నాడు. తల దించుకుని, ఒక చేత్తో సూట్‌కేసు, ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని లిఫ్టెక్కాడు.

పైకి రాగానే లీలావతి ముందు నిలబడ్డాడు. "నా వల్ల కాదు. తప్పుకుంటున్నా."

"బాండు?"

"అంత పనిమంతుల్ని కూర్చోబెడితే చాలుగా? నువ్వున్నావుగా!" అన్నాడు, దారి దొరికిందని వెలిగిపోతూ.

"నేనిప్పుడు ఖాళీగా లేనండీ. మీ బాండు మీద మీ సంతకం పడ్డ సాయంత్రమే క్లెమెంటివాళ్లకి సరేనని చెప్పేశా. సోమవారం చేరుతున్నాను."

"అంటే... ఇల్లు?"

"రెండేళ్లు మీ చేతిలోనే. బాగుపడుతుందన్నారుగా."

సుధాకరరావు వెంటనే విశ్వనాథానికి ఫోను చేసి, వచ్చి కుర్చీ తీసుకోవయ్యా అని బతిమాలాడు. బాండులో తను సాక్షి మాత్రమేనని గుర్తుచేసి ఆయన ఫోను పెట్టేశాడు.

హాల్లోంచి తారాదేవి గొంతు వినపడింది. "అబ్బాయీ, నాలుగెప్పుడో దాటింది."

సుధాకరరావు టై విప్పి, వంటింటి గుమ్మంలో ఆగాడు. "లీలా... కాఫీ పొడి ఎక్కడుంటుంది?"