అయిదు స్పీకర్లకు ఒక గొంతు

హోం థియేటర్ పెట్టించుకునేవాళ్ళు ఇంట్లో ఎవరిదో ఒకరి గొంతును ధ్వని పంపిణీ శాఖకు సరెండర్ చెయ్యాలన్న నిబంధన కాకినాడలో అందరికీ తెలిసిందే కాబట్టి, చంద్రమౌళి షాపుకు బయల్దేరే ముందే భార్య హైమావతి గొంతు ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాడు.

నిబంధనలో తప్పుపట్టడానికేమీ లేదు. ఇంటికి ఏసీ పెట్టాలంటే కరెంటు ఆఫీసుకు వెళ్ళి లోడు పెంచుకుంటాం కదా, ఇదీ అంతే. ఒక్కో ఇంటికి ఇంత శబ్దమని మంజూరవుతుంది. కాకపోతే కరెంటును కొత్తగా పుట్టించవచ్చు, శబ్దాన్ని పుట్టించలేరు. ఉన్నదాన్నే అటూ ఇటూ సర్దాలి. అందుకే ప్రతి గుమ్మం పక్కనా మనిషికో మీటరు ఉంటుంది. గొంతు తీసేటప్పుడు నొప్పి తెలియదు. మెడ దగ్గర కాస్త చల్లగా ఉంటుందని, ఇచ్చినవాళ్ళు కాగితం మీద రాసి చూపించారు.

చంద్రమౌళి ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏది కొన్నా నాలుగు రకాలుగా విచారించి గానీ కొనడు. షాపులో సౌండ్‌బార్ చూపిస్తే మొహం చిట్లించాడు. నిలువు స్పీకర్లు మంచివా, అలమరలో పట్టేవి చాలునా, సబ్ వూఫర్ మూలకు పెట్టాలా సోఫా పక్కన పెట్టాలా, వెనక స్పీకర్లు చెవికి సమానంగా ఉండాలా కొంచెం పైకా, ఇవన్నీ అడిగాడు. సేల్స్‌మన్ సత్యకాంత్ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివరికి బిల్లు పుస్తకం తీశాడు.

“గొంతు ఎవరిదండీ?”

“మా ఆవిడది.”

“అయిదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్. ఫైవ్ పాయింట్ వన్ అంటే లోడు బాగా ఉండాలండి. సరిపోద్దా?”

“సరిపోవడమా! పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నోరు మూస్తే ఒట్టు. సెవెన్ పాయింట్ వన్‌కి కూడా మిగులుద్ది.”

సత్యకాంత్ నవ్వాడు. షాపులో ఉన్న మిగతా మగవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళూ అదే పనిమీద వచ్చారు.

ఇంటికొచ్చి విషయం చెప్పినప్పుడు హైమావతి వంకాయలు తరుగుతోంది. తలెత్తి ఏదో అంది. సరేనందని చంద్రమౌళి అనుకున్నాడు.

మర్నాడు షాపువాళ్ళు సామాను దించి గోడలకు కన్నాలు వేసి వెళ్ళారు. తర్వాత శాఖ తరఫున లైన్‌మన్ నూకరాజు వచ్చాడు. గుమ్మం పక్కన డబ్బా తెరిచి హైమావతి మీటరు చూశాడు. జేబురుమాలుతో అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

“సార్, ఇది సున్నా మీదుందండి.”

చంద్రమౌళి నిర్ఘాంతపోయాడు. మీటరు చెడిపోయిందన్నాడు. నూకరాజు పరీక్షించి, బ్రహ్మాండంగా ఉందన్నాడు.

“అదెలాగయ్యా? పెళ్ళయిన కాణ్ణుంచీ మాట్లాడుతూనే ఉంది!”

“మాట్టాడితే తిరగదండి. ఇంట్లో ఎవరి చెవిలోనన్నా పడితే తిరుగుద్ది. ఎవరూ విననిదాన్ని మా శాఖలో శబ్దం కింద లెక్కెయ్యరండి. అదిగో, మీ మీటరు చూడండి, ఎంత జోరుగా తిరుగుతోందో! పోనీ మీది ఇచ్చేత్తారా?”

చంద్రమౌళి చెయ్యి గబుక్కున గొంతు మీదికి వెళ్ళింది. ఇంత దారుణమైన మాట అతను జన్మలో వినలేదు.

“నాదా? నాకు ఆఫీసుందయ్యా!”

“అయితే అమ్మగారిది పెంచుకోండి సార్. ఎదురుగా కూచుని ఆవిడగారు చెప్పేది వినండి. అదే ఎక్కుద్ది. అందరూ అలాగే చేత్తన్నారు.”

చేసేది లేక చంద్రమౌళి టీవీ కట్టేసి, ఫోను లోపల పెట్టి, భార్య ఎదురుగా కూర్చున్నాడు.

“చెప్పు హైమా. వింటాను.”

హైమావతి హడలిపోయింది. “ఒంట్లో బాగాలేదా అండీ?” అని అతని నుదురు పట్టుకుని చూసింది.

మీటరు కదిలింది. ఆమె నెమ్మదిగా మొదలుపెట్టింది. వంటింట్లో నీళ్ళు పోవడం లేదంది. చెల్లెలితో మాట పట్టింపు వచ్చిందంది. కుట్టుమిషను మళ్ళీ బయటికి తీద్దామనుకుంటున్నానంది. చంద్రమౌళి మనసు సబ్ వూఫర్ మీదికి పోయినప్పుడల్లా గుమ్మం దగ్గర్నుంచి నూకరాజు “ఆగింది సార్!” అని కేకేసేవాడు. చంద్రమౌళి సర్దుకుని కూర్చునేవాడు.

“వెనక రెండు పెట్టిస్తున్నారు కదా, ఆ ఎడంవైపుది నాకు వినపడదండీ,” అంది హైమావతి.

“ఏం? ఎందుకని?”

“ఎడమ చెవి పోయింది కదా నాకు.”

“పోవడమేమిటి? నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాను. హోరు మొదలైనప్పుడు చెప్పాను. ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు అన్నాడనీ చెప్పాను. తర్వాత ఇక వినపడడం లేదనీ చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

చంద్రమౌళి భార్య ఎడమ చెవి వంక చూశాడు. ఎర్రరాయి దుద్దు ఉంది. అది ఎప్పుడు కొన్నదో కూడా అతనికి గుర్తు రాలేదు. ఆమె చెప్పినవన్నీ ఇప్పటికి చెవిలో పడి సిగ్గుతో తల దించుకున్నాడు. అప్పుడు మీటరు గిర్రున తిరిగింది.

“సరిపోయింది సార్!” నూకరాజు సంబరంగా లోపలికొచ్చాడు. “ఫైవ్ పాయింట్ వన్‌కి ఎక్కేసిందండి!”

హైమావతి మొహం వెలిగిపోతోంది. చంద్రమౌళి తన మాట వింటున్నాడని ఆమెకు నమ్మకం కుదిరింది. “ఇంకోటి కూడా ఉందండీ, అసలు ముందు అదే చెప్పాల్సింది...” అంటూ ముందుకు జరిగింది.

“సార్, ఎక్కిన లోడు ఇప్పుడే తియ్యాలండి. వినడం ఆపేత్తే దిగిపోద్ది.”

చంద్రమౌళి భార్యను చూశాడు. గోడలకు వేసిన కన్నాలను చూశాడు. అట్టపెట్టెల్లోంచి తీసి నిలబెట్టిన స్పీకర్లను చూశాడు. ఒకసారి విప్పిన సామాను షాపువాళ్ళు వెనక్కి తీసుకోరు.

“ఈ పని అవనీ హైమా,” అన్నాడు మెత్తగా. “తర్వాత తీరిగ్గా చెబుదువుగానిలే.”

నూకరాజు పని చక్కగా చేశాడు. ఇక అక్కర్లేని హైమావతి మీటరు ఊడదీసి సంచీలో వేసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం సినిమా పెట్టారు. తెర మీద వాన మొదలైతే చినుకులు వీపు మీద పడుతున్నట్టే వినిపించింది. చంద్రమౌళి ఒళ్ళు పులకరించింది. అంతలో సత్యకాంత్ ఫోన్ చేశాడు.

“మేడంగారికి నచ్చిందాండీ?”

“ఎలా ఉంది హైమా?” అనడిగాడు చంద్రమౌళి.

హైమావతి కుడి చెవి అతనివైపు తిప్పి ప్రశ్న విన్నది. తర్వాత ఆమె పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి. మధ్యలో కళ్ళు తుడుచుకుంది, అతని మోచెయ్యి పట్టుకుంది, మళ్ళీ మొదట్నుంచి చెప్పసాగింది. తెర మీద వాన జోరందుకోవడంతో చంద్రమౌళి అటు తిరిగాడు.

“చాలా బాగుందంటోందండీ,” అన్నాడు ఫోన్లో.

“అవునండి,” అన్నాడు సత్యకాంత్. “మేడంలందరూ అదే అంటున్నారు.”