పదకొండు నిమిషాల ఆలస్యం

సోమవారం పొద్దున లాయరుగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికల్లా లిఖిత వాదన ముగించడం, పన్నెండుకల్లా కోర్టులో దాఖలు చేయించడం, ఒంటిగంటకు ఇంటికొచ్చి కడుపునిండా భోంచేసి ఆదమరిచి నిద్రపోవడం.

కేసు ఒక రిటైరైన బడిపంతులిది. మాస్టారు రోజూ సాయంత్రం పార్కులో కూర్చుని చదువురాని వాళ్లకు పేపరు గట్టిగా చదివి వినిపించేవారు. ఓ రోజు పురపాలక సంఘంవారు ‘అనుమతి లేకుండా బహిరంగంగా చదవరాదు’ అని అక్కడ బోర్డు పాతారు. మాస్టారు ఆ బోర్డును కూడా గట్టిగా చదివి వినిపించి, తిన్నగా కోర్టుకెక్కారు. ఇది రాజ్యాంగం ఇచ్చిన మాట్లాడే హక్కుకు సంబంధించిన సంగతి కాబట్టి కేసు మెట్టు మెట్టు ఎక్కి ఐదుగురు న్యాయమూర్తుల బెంచి ముందుకొచ్చింది. అందరి వాదనలూ విన్నాక ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఉన్నావిడ, మిగిలిందేదైనా ఉంటే ఇరవై పేజీలు మించకుండా రాసి సోమవారం సాయంత్రం ఐదులోగా ఇమ్మన్నారు.

లాయరుగారు రాసింది నలభై ఆరు పేజీలు తేలింది. రాసిన వాక్యం కొట్టేయాలంటే ఆయనకు ప్రాణం ఉసూరుమంటుంది. పదింటికి మొదలుపెట్టి పన్నెండయ్యేసరికి మూడు కామాలు, ఒక ‘కాబట్టి’ తీసేయగలిగారు.

"పోనీ అక్షరాలు చిన్నవి చేద్దామా సార్?" అన్నాడు పాతికేళ్లుగా ఆయన దగ్గరున్న గుమాస్తా.

"ఇంకా చిన్నవి చేస్తే జడ్జీలకి భూతద్దాలు కూడా దాఖలు చెయ్యాలయ్యా!"

తీరా ఇరవై పేజీల కట్టతో ఇద్దరూ రొప్పుతూ కోర్టు కౌంటరు చేరేసరికి ఐదూ పదకొండు.

"టైమైపోయింది సార్," అంది కౌంటరులో ఉన్నావిడ.

"పదకొండు నిమిషాలేనమ్మా!"

"పదకొండు నిమిషాలైనా పదకొండు నెలలైనా మా రిజిస్టర్లో ఒకటే గడి సార్. ఆలస్యం మన్నించమని దరఖాస్తు పెట్టండి. కారణం రాయడం మాత్రం మర్చిపోకండి. రేపు పదిన్నరకి బెంచి ముందు పెడతాం."

కారణం దగ్గరే వచ్చింది చిక్కు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న లాయరు, రాయడం మొదలుపెడితే ఆపలేకపోయానని ఐదుగురు జడ్జీలకు ఎలా చెప్పుకుంటాడు?

"జ్వరమని రాస్తే ఎవరూ నమ్మరు సార్," అన్నాడు గుమాస్తా. "చేతికి దెబ్బ తగిలిందందాం. చెయ్యంటే ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు." లాయరుగారు కాసేపు నసిగి, ఆ దరఖాస్తు మీద కుడిచేత్తోనే దర్జాగా సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున కోర్టు మెట్ల పక్కన గుమాస్తా ఆయన ఎడమచేతికి శ్రద్ధగా కట్టు కట్టాడు. అంతా అయ్యాక దరఖాస్తు ఓసారి చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"కుడి చెయ్యని రాశాను సార్!"

"విప్పి మార్చు మరి!"

"ప్లీడరుగారొకరు ఇప్పుడే చూసి అయ్యో అనుకుంటూ వెళ్లారు సార్. ఇంక రెండింటికీ కట్టెయ్యడమే మార్గం."

రెండు చేతులకూ కట్లతో లాయరుగారు వరండాలోకి అడుగుపెట్టేసరికి, చేతికి దెబ్బ అన్నమాట కాస్తా కారు ప్రమాదమైపోయింది. ఎదుటిపక్షం సర్కారు లాయరు పరుగున వచ్చి ఆయనను బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"ఇంత జరిగితే ఒక్క మాటైనా చెప్పలేదేంటి బావగారూ! మీరు నెల రోజులు లేటుగా ఇచ్చినా మా పక్షం కిమ్మనదు," అంటూ కాఫీ ఊది ఊది దగ్గరుండి తాగించాడు. వద్దనడానికి లాయరుగారికి చేతులు లేకపోయాయి.

సర్కారువారే ఒప్పుకున్నారని తెలియగానే, ఈ కేసులో తమ మాటా వినాలని చేరిన మరో పది మంది లాయర్లకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లూ గడువు దాటించినవాళ్లే. అరగంటలో పది దరఖాస్తులు పడ్డాయి. ఒకాయనకు మెడ పట్టేసింది, ఒకాయనకు నడుము, ఇంకొకాయనకు కళ్లు మసకలు. ఒకే కేసులో పదకొండు మంది వికలాంగులైపోవడం చూసి రిజిస్ట్రారు నిర్ఘాంతపోయాడు. విచారణను మధ్యాహ్నం మూడింటికి వాయిదా వేసి, అందరూ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి నుంచి సర్టిఫికెట్లు తెచ్చుకోవాలన్నాడు.

ఆ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు లాయరుగారి భార్యే.

"ఏమండీ, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు చేతులు రెండూ బానే ఉన్నాయిగా?" అందావిడ.

"అదీ... కేసు కోసం..."

ఆవిడ కట్లు విప్పి వేళ్లు ఒక్కొక్కటే నొక్కింది. "నొప్పిగా ఉందా?"

"లేదు. సిగ్గుగా ఉంది."

ఆవిడ ‘రెండు చేతులూ భేషుగ్గా ఉన్నవి’ అని రాసి సంతకం చేసింది. "ఇది కోర్టుకిస్తారో చింపేస్తారో మీ ఇష్టం. చింపడానిక్కూడా చేతులు బానే ఉన్నాయి."

బయట వరండాలో మాస్టారు చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. ప్రమాదం సంగతి విని బస్సు కోసం కూడా ఆగకుండా నడిచొచ్చారట.

"మీకేమైందోనని పార్కులో అందరూ అడుగుతున్నారు బాబూ. వాళ్లకేమని చెప్పమంటారు? జరగని వార్త నేనెప్పుడూ చదివి వినిపించలేదు."

లాయరుగారు ఆ సర్టిఫికెట్టును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు.

మూడింటికి కోర్టు హాలు కిటకిటలాడుతోంది. లాయరుగారు లేచి ప్రధాన న్యాయమూర్తిగారికి రెండు చేతులూ పైకెత్తి చూపించారు.

"అమ్మా, నా చేతులకేమీ కాలేదు. దరఖాస్తులో రాసింది అబద్ధం. నలభై ఆరు పేజీలు రాసుకుని, ఇరవైకి కుదించేసరికి టైము దాటిపోయింది. ఆ తప్పు నాది, మాస్టారిది కాదు. ఆయన వాదన తోసిపుచ్చకండి."

సర్టిఫికెట్లు తేలేక వెనక వరుసలో నక్కిన పది మందిలో పట్టేసిన మెడ ఒకటి ఏ ఇబ్బందీ లేకుండా కిందికి వంగింది. ప్రధాన న్యాయమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"గడువు ఎన్ని నిమిషాలు దాటిందో చూద్దాం. ఆ ఉత్తర్వు తెప్పించండి."

రిజిస్ట్రారు ఫైలు తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. అతని ముఖం పాలిపోయింది. "ఉత్తర్వు ఉందమ్మా. దాని మీద... నాలుగే సంతకాలున్నాయి."

ఐదుగురు న్యాయమూర్తుల్లో చివరి ఆయన చిన్నగా దగ్గారు. "నా బల్ల మీదే ఉండిపోయిందనుకుంటాను. ఒకసారి నిదానంగా చదివి సంతకం పెడదామని... కాస్త ఆలస్యమైంది."

"కారణం దరఖాస్తులో రాయాలేమో," అంది ప్రధాన న్యాయమూర్తి. హాలులో నవ్వులు ఆగాక మళ్లీ అందుకుంది. "ఐదో సంతకం పడనిదే అది ఉత్తర్వు కాదు. కాబట్టి ఎవరికీ ఆలస్యం కాలేదు. అబద్ధపు కారణాలు రాసినందుకు మాత్రం పదకొండు మందీ ఇరవై పేజీలకు బదులు పదే ఇస్తారు. శుక్రవారం సాయంత్రం ఐదు."

మాస్టారు ముఖం వికసించింది. "పదైతే మనవాళ్లకి ఒక్క పూటలో చదివేయొచ్చు బాబూ!" లాయరుగారికి పది పేజీల గుబులున్నా, గుండె మీది బరువు దిగి హాయిగా అనిపించింది. ఈసారి సగం వాదన భార్య కొట్టేసింది, అదీ చెయ్యి వణక్కుండా. శుక్రవారం మూడింటికల్లా పదకొండు కట్టలూ కౌంటరు మీదున్నాయి.

గడువు శుక్రవారమని చెప్పే ఉత్తర్వు ప్రతులు మాత్రం అందరికీ ఆ తర్వాతి సోమవారం అందాయి.